‘వద్దురా’ అనేవాడు ఒక్కడుండాలి

సమస్య

మాది దర్శి దగ్గర పల్లెటూరు. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయింది. పోటీ పరీక్షలకు చదువుకుంటూ మిరప, పత్తి పనుల్లో నాన్నకు సాయంగా ఉంటున్నాను. ఇంటర్ నుంచి మేం అయిదుగురం ఒక జట్టు. వాళ్ళంటే నాకు ప్రాణం. చిక్కంతా ఎక్కడికన్నా బయల్దేరినప్పుడే. బండి మీద ముగ్గురెక్కుతారు, హెల్మెట్ మోచేతికి తగిలించుకుంటారు, రోడ్డు ఖాళీగా కనిపిస్తే పందేలు. సాగర్ కాలువ నిండుగా పారుతుంటే వంతెన మీద నుంచి దూకి వీడియోలు తీసుకుంటారు. కిందటిసారి ఒకడు కాలువలో కొట్టుకుపోయాడు. చాలా దూరాన బట్టలుతికే రేవు మెట్లు చేతికి తగిలి బతికాడు. పైకొచ్చాక అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కాయలు గుంటూరు యార్డులో అమ్మి డబ్బులు చేతికి రాగానే సూర్యలంక వెళ్దామంటున్నారు. రాత్రి బండ్ల మీద బయల్దేరి తెల్లారేసరికి సముద్రంలో ఉండాలట. మందు కూడా ఉంటుంది. నాకు భయంగా ఉంది. చెబితే “పిరికోడు” అంటారు. “ఇన్నిసార్లు వెళ్ళాం, ఏమైంది? అందరికీ ఈతొచ్చు కదా” అంటారు. వాళ్ళ ఇళ్ళల్లో చెబితే గొడవలై నేను చెడ్డవాణ్ణవుతాను. ఏదో వంక చెప్పి మానేద్దామంటే, నేను లేనప్పుడు వాళ్ళకేమన్నా అయితే? వెళ్ళాలా, మానాలా, చెప్పాలా? అసలు నా భయమే తప్పా?

— పేరు వద్దు, దర్శి

సలహా

బాబూ, నీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నీ భయం తప్పు కాదు, దాన్ని దాచుకోవటమే తప్పు. నీ జట్టులో నిజంగా తెగించేవాడు ఒకడో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్ళు నీలాగే లోపల బెదురుతూ పైకి నవ్వుతున్నారనుకోవటానికే ఎక్కువ ఆధారం ఉంది. ఆ రోజు కాలువ గట్టున నువ్వు నవ్వటం చూసి పక్కవాడు ‘వీడికి భయం లేదు’ అనుకుని ఉంటాడు. వాడి నవ్వు చూసి నువ్వూ అలాగే అనుకున్నావు. జెర్రీ హార్వీ అనే అమెరికన్ ఆచార్యుడు 1974లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. టెక్సాస్‌లో మండుటెండలో ఒక కుటుంబం కారేసుకుని అబిలీన్ అనే ఊరికి భోజనానికి వెళ్ళి, దుమ్ము కొట్టుకుని తిరిగొస్తుంది. ఇంటికొచ్చాక తేలిందేమిటంటే నలుగురిలో ఒక్కరికీ వెళ్ళాలని లేదు. మిగతావాళ్ళకు ఉందేమోనని ఎవరికి వారు తలూపారు. మీ పొలాల్లో దీన్ని నువ్వు చూసే ఉంటావు. పక్క చేలో మందు కొట్టారని మనమూ కొడతాం, మనల్ని చూసి ఆ పక్కవాడు కొడతాడు. పురుగు ఉందో లేదో ఆకు తిప్పి చూసినవాడు ఉండడు. జట్టు ప్రయాణాల్లో జరిగే అనర్థాలకు మూలం చాలాసార్లు ఇదేనని నా అభిప్రాయం. తెగించేవాడి ఉత్సాహం కన్నా, అనుమానం ఉన్నవాళ్ళ మౌనమే ఎక్కువ ప్రమాదం.

వయసు కూడా దీనికి తోడవుతుంది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2005లో ప్రచురించిన పరిశోధనలో పదమూడేళ్ళ పిల్లల నుంచి పెద్దవాళ్ళ దాకా మూడొందల మందికి పైగా చేత కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. కొందరిని ఒంటరిగా, కొందరిని తోటివాళ్ళు చూస్తుండగా ఆడించారు. తోటివాళ్ళు పక్కనుంటే చిన్నవాళ్ళూ, నీ ఈడు వాళ్ళూ మరింత తెగించారు. ఇరవై నాలుగు దాటినవాళ్ళలో ఆ తేడా పెద్దగా కనబడలేదు. అంటే ఒంటరిగా కాలువ దగ్గర నిలబడితే దూకని కుర్రాడు, నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడితే దూకుతాడు. కాలువ అదే, నీళ్ళూ అవే. మారింది చూసేవాళ్ళు.

అయితే ఇది కుర్రతనం మాత్రమే అనుకుని పెద్దవాళ్ళు నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. మన జిల్లా కేంద్రం సంగతే చూడు. 2017 నవంబర్ 12న, కార్తీక ఆదివారం నాడు, ఒంగోలు వాకర్స్ సంఘం వాళ్ళు కుటుంబాలతో కృష్ణా తీరానికి విహారానికి వెళ్ళారు. పవిత్ర సంగమం వైపు వెళ్తున్న పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ, మోయదగ్గ దాని కన్నా ఎక్కువ మంది, లైఫ్ జాకెట్లు లేవు. నేరం పడవ నడిపినవాళ్ళది, చూసీ చూడనట్టున్నవాళ్ళది. ఎక్కినవాళ్ళు ఆరోగ్యం కోసం రోజూ పొద్దున్నే నడిచే జాగ్రత్తపరులు. కానీ స్నేహితులంతా ఎక్కుతున్న పడవలో తానొక్కడే ఎక్కకుండా గట్టున నిలబడటం ఎవరికైనా ఎంత కష్టం! అంతకు మూడేళ్ళ ముందు, 2014 జూన్ 8న, హైదరాబాద్ వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్‌లో మండీ దగ్గర బియాస్ నదిలోకి దిగి రాళ్ళ మీద ఫొటోలు తీసుకుంటుండగా, పైనున్న లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్ళు చుట్టుముట్టాయి. ఇరవై నాలుగు మంది పిల్లలు కొట్టుకుపోయారు. 2025 జనవరి 11న సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌కు హైదరాబాద్ నుంచి ఏడుగురు స్నేహితులు వెళితే ఇద్దరే తిరిగొచ్చారు. మునుగుతున్న వాళ్ళను లాగబోయి మిగతావాళ్ళూ లోతులో పడ్డారు. స్నేహం అక్కడ కొరవడలేదు. ఉన్న స్నేహమంతా నీళ్ళలోకి దిగాక పనికి రాలేదు. గట్టు మీద ఉన్నప్పుడైతే ఒక్క మాటకు పని ఉండేది.

ఇక నీ మిత్రుల వాదనలు ఒక్కొక్కటే చూద్దాం. “ఈతొచ్చు కదా” అన్నది మొదటిది. పల్లెలో పిల్లలు బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చుకుంటారు. అక్కడ నీళ్ళు కదలవు, పట్టుకోవటానికి గట్టుంటుంది. సాగర్ కాలువకు లైనింగ్ చేసిన ఏటవాలు గట్లుంటాయి. నీటిమట్టం దగ్గర పాచి పట్టి ఉంటుంది. పైకి పాకబోతే గోళ్ళు ఆనవు, కాళ్ళు జారతాయి. మీవాడికి రేవు మెట్లు తగలకపోతే వాడి ఈత వాణ్ణి ఎంతసేపు కాపాడేదో నువ్వే ఆలోచించు. పైనుంచి ఎన్ని నీళ్ళు వదిలారో వంతెన మీద నిలబడ్డవాడికి తెలియదు. నిన్న దూకిన చోటే ఇవాళ లోతు వేరు, వేగం వేరు. సముద్రం సంగతి మరీ మోసం. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళు ఏదో ఒక సందు చూసుకుని పాయగా వెనక్కి పోతాయి. ఆ సందులో అల విరగదు, నురగ ఉండదు, చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. కాబట్టి అజాగ్రత్తపరుడితో పాటు జాగ్రత్తపరుడు కూడా ‘ఇక్కడ బాగుంది’ అని అక్కడే దిగుతాడు. ఆ పాయ ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు రెండు మీటర్లకు మించిన వేగంతో లాగుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో నమోదైన ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు. ఆ ఈతగాడి వేగమూ ఇంచుమించు అంతే. దానికి ఎదురీది గెలిచే మొనగాడు మీ జట్టులో లేడు. చిక్కుకుంటే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు మళ్ళాలి. మందు తాగినవాడికి ఈ తెలివి ఆ క్షణంలో రాదు. పైగా మునిగేవాడు సినిమాల్లోలాగా కేకలు పెట్టడు. ఊపిరికే సందు లేనివాడికి అరుపెక్కడిది? నిశ్శబ్దంగా మునుగుతాడు. పక్కనున్నవాళ్ళు ఆడుతున్నాడనుకుంటారు.

“ఇన్నిసార్లు వెళ్ళాం, ఏమైంది?” అన్నది రెండో వాదన. ఇది వినటానికి అనుభవంలా ఉంటుంది కానీ కాదు. ఏమీ కానివాళ్ళు మాత్రమే ఈ మాట అనటానికి మిగులుతారు. మీ జట్టుకు కిందటిసారి ఏమీ కాలేదనటం కూడా నిజం కాదు. ఒకడు కొట్టుకుపోయాడు. దాన్ని హెచ్చరికగా కాకుండా నవ్వుకునే కథగా మార్చుకున్నారు. రోడ్డు లెక్క ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ పెట్టుకోక చనిపోయిన ద్విచక్రవాహనదారులే, వెనక కూర్చున్నవాళ్ళతో కలిపి, 50,029 మంది. వాళ్ళలో ఎందరో అంతకు ముందు ఎన్నోసార్లు హెల్మెట్ లేకుండా క్షేమంగా ఇల్లు చేరినవాళ్ళే. రాత్రి ప్రయాణం గురించి దర్శివాళ్ళకు వేరే చెప్పాలా? 2023 జులైలో పొదిలి నుంచి కాకినాడకు బయల్దేరిన పెళ్ళివారి ఆర్టీసీ బస్సు అర్ధరాత్రి దాటాక మీ ఊరి దగ్గరే సాగర్ కాలువలో పడి ఏడుగురు పోయారు. అది రోజూ బస్సు తోలటమే వృత్తిగా ఉన్న డ్రైవరు చేతిలోని బండి. నిద్ర చాలని, మందు పడిన, బండికి ముగ్గురెక్కిన కుర్రాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

“రాసిపెట్టి ఉంటే ఇంట్లో ఉన్నా పోతాం” అనేవాడు కూడా మీలో ఒకడుంటాడు. ఆ మాట అనేవాడే మిరపకు బొబ్బర తెగులు వస్తే తలరాత అని ఊరుకోడు, పరుగెత్తుకెళ్ళి మందు తెస్తాడు. చేను దగ్గర లేని తలరాత చావు దగ్గర మాత్రమే ఎందుకొస్తుంది? ఇంకొకడు, పడవలకు అనుమతి చూడాల్సిందీ, తీరంలో కాపలా పెట్టాల్సిందీ ప్రభుత్వమే కదా అంటాడు. ఆ మాట పూర్తిగా నిజం. బియాస్ దుర్ఘటనలో విద్యుత్ బోర్డుకూ, కళాశాలకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ బాధ్యత ఉందని హిమాచల్ హైకోర్టు 2016 జనవరిలో తేల్చి, ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. న్యాయం అక్కడి దాకానే వెళ్ళగలదు. తప్పు ఎవరిదో తేలటానికీ మనిషి బతకటానికీ సంబంధం లేదు.

అన్నిటి కన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఈ వయసులో తిరగకపోతే ఇంకెప్పుడు తిరుగుతారు, సాహసం లేని యౌవనం ఎందుకు అని. దీన్ని నేను కొట్టిపారెయ్యను. ఏడాదంతా మందులు కొట్టి, కాయలు కోయించి, రేటు కోసం ఎదురుచూసిన కుర్రాళ్ళకు ఒక రోజు సముద్రం చూడాలనిపించటం న్యాయమే. కానీ సాహసానికీ ఆదమరుపుకూ తేడా ఉంది. కొండ ఎక్కేవాడు తాడు పరీక్షించుకుంటాడు, వాతావరణం చూస్తాడు, బాగోకపోతే శిఖరం కనబడుతున్నా వెనక్కి దిగుతాడు. అతని సాహసంలో సగం ఆ వెనుదిరగటంలోనే ఉంది. మీ జట్టుకు లోపించింది ధైర్యం కాదు, ఆగమని చెప్పే మనిషి.

ఆ మనిషి ఒక్కడే అయితే ఏం లాభం అంటావా? సోలమన్ ఆష్ అనే శాస్త్రజ్ఞుడు 1950ల్లో చేసిన ప్రయోగాలు దీనికి జవాబు. చూపించిన గీతతో సమానమైన గీత ఏదో చెప్పటమే పని. గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ముందుగా కూడబలుక్కుని తప్పు చెబుతారు. కళ్ళెదుట నిజం కనబడుతున్నా ఆ ఒక్కడు మూడింట ఒక వంతు సార్లు గుంపుతో పాటు తప్పే చెప్పాడు. కానీ గుంపులో ఇంకొక్కడు నిజం పలికేలా ఏర్పాటు చేస్తే, లొంగిపోవటం అంతకు ముందున్న దానిలో నాలుగో వంతుకు పడిపోయింది. ఒక్క గొంతుకు అంత బలం. నువ్వు ‘వద్దు’ అంటే తెగించేవాడు మారకపోవచ్చు. నీలాగే భయపడుతున్న మిగతావాళ్ళకు నోరొస్తుంది.

కాబట్టి కడుపునొప్పి అనో, పరీక్ష అనో వంక చెప్పకు. వంక నిన్నొక్కణ్ణే కాపాడుతుంది, వాళ్ళ మౌనాన్ని అలాగే ఉంచుతుంది. బయల్దేరే రాత్రి దాకా కూడా ఆగకు. నీకు బాగా దగ్గరైన వాణ్ణి ముందు విడిగా పట్టుకుని, “ఆ రోజు కాలువ దగ్గర నాకు భయమేసింది, నీకు వెయ్యలేదా?” అని అడుగు. వాడి జవాబు విని నువ్వే ఆశ్చర్యపోతావు. తర్వాత అందరి ముందూ వెళ్ళొద్దనకుండా, ఎలా వెళ్దామో చెప్పు. తెల్లవారుజామున బస్సుకు వెళ్దాం. మందు ఉంటే తిరిగొచ్చాకే. గజ ఈతగాళ్ళు, పోలీసులు ఉన్న చోటే, నడుము లోతు దాటకుండా దిగుదాం, ఒకడు ఎప్పుడూ ఒడ్డున ఉండాలి. ఎవడైనా మునిగితే వెనక ఎవడూ దూకకుండా తాడో, ఖాళీ క్యానో విసరాలి, కేకేసి 112కు ఫోన్ చెయ్యాలి. అయిదుగురిలో ఏ ఒక్కడు ‘వద్దు’ అన్నా ఆ పని ఆగిపోవాలి, కారణం అడగకూడదు. ఈ ఆఖరి షరతు ఒక్కటి ఒప్పుకున్నా చాలు.

ఒప్పుకోకపోతే నువ్వు వెళ్ళొద్దు. ఎందుకు రావటం లేదో వాళ్ళ మొహం మీదే చెప్పి మానెయ్యి. అయినా తాగి బండ్లెక్కుతున్నారని తెలిస్తే వాళ్ళ అన్నకో, బాబాయికో, మాట వినే పెద్దవాళ్ళెవరికైనా చెప్పు. నిన్ను చాడీకోరు అంటారు, కొన్నాళ్ళు మాట్లాడరు. అలిగిన స్నేహితుడితో రేపో మాపో మాట కలుస్తుంది. నీ మీద కోపం పెట్టుకోవటానికైనా వాళ్ళు నలుగురూ మిగలాలి కదా!