పోటీ పరీక్షల ప్రత్యేకం: బోరబండ కుళాయి, జంట జలాశయాలు

గ్రేటర్ హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత తాగునీటి పథకం 2021 జనవరి 12న మొదలైంది. ప్రారంభించిన చోటు బోరబండ పక్కనే ఉన్న రహ్మత్‌నగర్, ఎస్పీఆర్ హిల్స్. బస్తీలకు మీటరు నిబంధన లేదు. మిగతా ఇళ్లకు పనిచేసే మీటరు తప్పనిసరి. అమలు 1989 చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ జలమండలిది.

నీరు ఉచితమైతే చాలదు, శుభ్రంగానూ ఉండాలి. అందుకే జంట జలాశయాల రక్షణపై సుప్రీంకోర్టు తేల్చిన ఎం.వి. నాయుడు కేసును శ్రద్ధగా చదవాలి. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) చుట్టూ 10 కి.మీ. మేర కాలుష్య పరిశ్రమలను 1996లో జీవో 111 నిషేధించింది. అయినా ఒక ఆముదం నూనె ఉత్పత్తుల కర్మాగారానికి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. ఈ కేసులో సుప్రీంకోర్టు 2000లో ఆ మినహాయింపును కొట్టేసింది. తాగునీరు జీవించే హక్కులో (21వ అధికరణం) భాగమంది. 2022లో జీవో 69 జీవో 111 ఆంక్షలను ఎత్తేసింది. నగరం ఇప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతున్నా, దగ్గరి జంట జలాశయాల రక్షణను సడలించడం పొరపాటే.

నీటి హక్కును ఐక్యరాజ్యసమితి కూడా గుర్తించింది; ఆ తీర్మానం తేదీ 2010 జులై 28.

నీటి శుభ్రతను ఇంట్లోనే చూసేందుకు క్లోరిన్ పరీక్ష: కుళాయి నీటిలో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. మిగులు క్లోరిన్ ఉండాలన్నది ఐఎస్ 10500 ప్రమాణం.