గుఱ్ఱపు కాలి పుండు

పంజాగుట్టనుండి అమీరుపేటకు పోవు బాటలో నేడు మెట్రో రైలు స్తంభములు బారులు తీరియున్నవి. పెండ్లిండ్ల కాలమున వాని క్రిందుగానే తెల్లని గుఱ్ఱములు వరులను మోసికొని ఊరేగుచుండును. ఒకనాటి సాయంకాలము అట్టి గుఱ్ఱమొకటి ఊరేగింపునకు పోక, మా వీధి మలుపున వెనుకకాలు పైకెత్తి నిలిచియుండుట చూచితిని. మూడు నెలలక్రిందట ఇనుపతీగ కోసికొనెనట. గాయము మానలేదు సరికదా, దానిపై ఎఱ్ఱని మాంసము పుట్టగొడుగువలె ఉబ్బి, ముట్టినంతనే నెత్తురు కాఱుచుండెను.

"మాంసము నిండుచున్నది గదా సారూ, ఇక మానునేమో!" అని యజమాని ఆశపడెను. నాకును అట్లే తోచెను. ఇరువురమును పొరబడితిమి.

బాలలారా! గుఱ్ఱము కాలిని పరికించి చూడుడు. తొడయందు కండ మెండు. ముందరి మోకాలికిని, వెనుకటి మడమకీలునకును దిగువ కండయే లేదు. ఎముకయు, స్నాయువులును, వానిపై బిగువైన చర్మమును మాత్రమే యుండును. అచటికి రక్తము చాలినంత పాఱదు. గుఱ్ఱము కదలినపుడెల్ల గాయము కదలును. నేలకు చేరువగుటచే దుమ్మును పేడయు అంటును. మేనిపై గాయమైనచో చుట్టునున్న చర్మము ముడుచుకొని దానిని చాలవఱకు మూయును. కాలిచర్మమున కట్టి సడలింపు లేదు. అంచులనుండి క్రొత్తచర్మము ప్రాకవలెను. అది దినమునకు మిల్లీమీటరులో ఇంచుమించు పదవవంతు మాత్రమే ప్రాకును. ఇంతలో లోపలి మాంసము హద్దుమీఱి గట్టువలె పెరుగును. క్రొత్తచర్మము ఆ గట్టు నెక్కజాలదు. దీనినే దుర్మాంసమందురు.

అశ్వవైద్యము మన దేశమునకు క్రొత్తది కాదు. శాలిహోత్రుడు అశ్వశాస్త్రకర్తగా ప్రసిద్ధుడు. నకులుడు విరాటుని కొలువున గుఱ్ఱములను కాచెను. తెలుగున మనుమంచిభట్టు అశ్వశాస్త్రమును పద్యములలో రచించెను. మా యజమాని మాత్రము ఎవరో చెప్పిన మాట విని మైలుతుత్తము చల్లుచుండెను. అది దుర్మాంసమును కాల్చినమాట నిజమే. అంచుననున్న లేతచర్మమును కూడ కాల్చును.

పశువైద్యుడు వచ్చి, మొదట ధనుర్వాతము రాకుండ సూదిమందు వేసెను. పెంపుడు జంతువులలో ఆ వ్యాధికి గుఱ్ఱమే మిక్కిలి సులభముగా లోబడును. పిమ్మట ఎక్స్‌రే తీయగా, గోరంత చచ్చిన ఎముకముక్క లోపల కనబడెను. అది యున్నంతకాలము ఏ మందును పనిచేయదు. దానిని తీసి, లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి కాచి చల్లార్చిన నీటితో గాయమును కడిగి, దుర్మాంసమును చర్మముతో సమముగా కోసెను. దానిలో నాడులు లేవు. కావున నెత్తురు ధారగా కాఱినను గుఱ్ఱమునకు నొప్పి తెలియలేదు. దూది దట్టముగా పఱచి కట్టుకట్టి, కాలు కదలకుండ కొట్టమునందే నిలుపుమనెను.

"దాణా ఖర్చు ఎవరిత్తురు?" అని యజమాని కంట నీరు పెట్టుకొనెను. ముహూర్తములన్నియు దాటిపోవుచుండెను. కట్టుపై జరీగుడ్డ చుట్టి ఒక్క రాత్రి తోలుకొని పోయెదనని బతిమాలెను. వైద్యుడు ఒప్పుకొనలేదు. మాంసము రెండుమాఱులు మరల పెరిగెను, రెండుమాఱులును కోసిరి. తుదకు జూలుక్రింద మెడనుండి గింజలంత చర్మపుముక్కలు తీసి, నారు నాటినట్లు పుండునందు నాటిరి. వానిలో కొన్ని రాలిపోయెను. మిగిలినవి నాటుకొని అంచులు కలిపికొనెను.

నాలుగవ నెలలో కట్టు విప్పిరి. రూపాయి బిళ్ళంత మేర వెండ్రుకలు మొలవని మచ్చ మిగిలెను. ఇపుడా యజమాని ఊరేగింపునాడు దానిపై జరీగుడ్డ కట్టుచున్నాడు.