నీ పేరు సరే, నాన్న ముఖం మాటేమిటి?

సమస్య: మాది రామకృష్ణాపూర్. నాన్న సింగరేణిలో ఫిల్లరుగా చేసి రిటైరయ్యారు. నేను ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను. బొగ్గుబాయి పని చేసి దిగిపోయినవాళ్ల ఊపిరితిత్తుల మీద నా థీసిస్. బస్తీలో ఇల్లిల్లూ తిరిగి ఎక్స్‌రేలు సేకరించింది నేను, రాసింది నేను. మా గైడ్ నాకు చెప్పకుండా దాన్ని ఒక జర్నల్లో వేయించుకున్నారు. మొదటి పేరు ఆయనది, రెండోది వాళ్లావిడది. ఆమె చర్మవ్యాధుల డాక్టరు! నా పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది. నాన్న ఫొటో కూడా కళ్లకు నల్లపట్టీ వేసి అచ్చేశారు. నుదుటి మీది నీలం మచ్చ చూసి బస్తీ అంతా గుర్తుపట్టింది. పరీక్ష కోసమేనని చెప్పి అనుమతి కాగితం మీద ఆయన సంతకం తీసుకుంది నేనే. 'పోనీ తియ్ బిడ్డా, నీ సదువుకు అక్కరకొస్తే సాలు' అంటున్నారు నాన్న. ఫైనల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఎదిరించనా, ఊరుకోనా?

సలహా: నీ పేరు గురించి అంత రాసి, నాన్న గురించి నాలుగు ముక్కలతో సరిపెట్టావు. ఆ నాలుగు ముక్కలు చూసే జవాబు రాస్తున్నాను.

పేరు విషయంలో నీకు అన్యాయమే జరిగింది. పనిలో గట్టి పాలు, రాతలో చెయ్యి, తుదిప్రతికి ఒప్పుకోలు, రేపు ఎవరైనా నిలదీస్తే జవాబుదారీ: ఈ నాలుగూ ఉన్నవాళ్లే రచయితలని వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ కమిటీ ఏనాడో చెప్పింది. మీ గైడ్ వాళ్లావిడ మీ బస్తీ గడప తొక్కలేదు కదా! థీసిస్ ప్రతులు, మెయిళ్లు భద్రంగా దాచుకో. ఇలాంటి తగువులు సంపాదకులు తీర్చరు, కాలేజీనే విచారించమంటారు. ఆ ఫిర్యాదు పరీక్షలయ్యాక పెట్టినా కొంపలు మునగవు.

ఫొటో అలా ఆగదు. కళ్లకు పట్టీ కట్టినంత మాత్రాన మనిషి దాగడని ఆ కమిటీయే అంటోంది. బొగ్గుపొడి చేరి మానిన గాయం నీలంగా ఉండిపోతుందని బాయి ఇంటి పిల్లకు నేను చెప్పాలా? గుర్తుపట్టేలా బొమ్మ వేయాలంటే విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలి. పరీక్ష పేరు చెప్పి తీసుకున్న సంతకం దానికి చెల్లదు.

2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు ఏం జరిగిందో మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది. పార్లమెంటరీ కమిటీ 2013 నివేదికలో లెక్క ఉంది: 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. పిల్లల మంచికేగా అని వాళ్లూ అనుకునే ఉంటారు. నువ్వు చేసిందీ ఆ వరసే.

మన ఇళ్లలో ఎప్పుడూ ఇదే తంతు. పొలం కాగితం మీద అమ్మ వేలిముద్ర, బ్యాంకు కాగితం మీద తాత సంతకం. అందులో ఏముందో చదివి వినిపించిన కొడుకును చూపించండి! మనవాళ్లే కదా, అడిగేదేముందంటాం. అసలు మనవాళ్లను అడిగే అలవాటే మనకు లేదు. డాక్టరమ్మ అయిన కూతురు కాగితం చాపితే కాదనే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? 'పోనీ తియ్ బిడ్డా' అన్నది ప్రేమకొద్దీ అన్న మాట. దాన్ని అనుమతి కింద జమకట్టకు.

ఈ ఆదివారం ఇంటికి వెళ్లి ఆ పేపరు నాన్నకు తెలుగులో చదివి చెప్పు. ఫొటో ఉండాలో వద్దో ఆయన తేలుస్తారు. వద్దంటే జర్నల్‌కీ, కాలేజీ ఎథిక్స్ కమిటీకీ ఆయన తరఫున ఉత్తరం నువ్వు రాయి, సంతకం ఆయన్ని పెట్టనీ. ఎక్స్‌రేలిచ్చిన మిగతా ఇళ్లకూ ఆ చేత్తోనే వెళ్లిరా. వాళ్లకూ పరీక్ష కోసమేననే కదా చెప్పి ఉంటావు.