కొత్త వస్తువుల రూపకల్పన – సమాచార సమన్వయం

డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే మన తమ్ముళ్లు ఫ్యాక్టరీ అంటే యంత్రాలే అనుకుంటారు. మన పుస్తకాల్లోనూ లేత్, మిల్లింగ్, వెల్డింగ్ గురించే ఎక్కువ. కానీ యంత్రం బాగానే ఉండి, మనిషీ బాగానే పనిచేసి, పని మాత్రం చెడిపోవడం నా మొదటి ఉద్యోగంలో చూశాను.

మా కంపెనీలో ఒకేసారి రెండు కొత్త మోడళ్ల పని నడుస్తోంది. రెండింటికీ ఒకే బ్రాకెట్. మొదటి మోడల్ వాళ్లు తమ అవసరం కొద్దీ దాని రంధ్రాన్ని 3 మిల్లీమీటర్లు జరిపి డ్రాయింగు మార్చారు. రెండో మోడల్ వాళ్లకు కబురు లేదు. పాత డ్రాయింగు ప్రకారమే ఫిక్స్చర్ చేయించారు. కొత్త బ్రాకెట్లు వచ్చాక ఒక్కటీ అందులో కూర్చోలేదు. ఫిక్స్చర్ మళ్లీ చేయించేసరికి పది రోజులు పోయాయి. డ్రాయింగు మూలన రివిజన్ అక్షరం 'బి' నుంచి 'సి'కి మారడం నేను ముందే చూశాను. కొత్తవాణ్ణి కదా, అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను.

పెద్ద కంపెనీలకూ ఈ చిక్కు తప్పలేదు. జపాన్‌లోని టయోటాలో ఒక్కో కొత్త కారు పనికి ఒక చీఫ్ ఇంజనీరు బాధ్యుడు. ఇంజను, బాడీ, ఛాసిస్ విభాగాలన్నింటితో మాట్లాడి పని నడిపించాలి. కార్ల రకాలు, విభాగాలు పెరిగేకొద్దీ ఆ మాట్లాడటమే పెద్ద భారమైంది. అందుకని 1992, 93 సంవత్సరాల్లో టయోటా తన అభివృద్ధి శాఖను సెంటర్లుగా విడదీసింది. వెనుక చక్రాలతో నడిచే కార్లకు ఒకటి, ముందు చక్రాలతో నడిచేవాటికి ఒకటి, వ్యాన్ల వంటివాటికి మూడోది. అన్నింటికీ పనికొచ్చే విడిభాగాలకు నాలుగోది. పోలికున్న బండ్ల పని ఒకేచోట జరిగితే ఒకదాని మార్పు ఇంకోదానికి త్వరగా తెలుస్తుంది.

1997లో వచ్చిన ప్రియస్ కారు కథ ఇంకా ఆసక్తికరం. దాని చీఫ్ ఇంజనీరు తకేషి ఉచియమదా అంతకుముందు ఆ పదవి చేసినవాడు కాదు. అన్నీ తనకు తెలియవని ఒప్పుకుని, వేర్వేరు విభాగాల నిపుణులను ఒకే పెద్ద గదిలో కూర్చోబెట్టాడు. జపాను భాషలో దాన్ని 'ఒబెయా' అంటారు. పెద్ద గది అనే అర్థం. అలాంటి గదిలో గడువులు, డ్రాయింగులు, తేలని సమస్యలు గోడల మీదే ఉంటాయి. ఎవరినీ అడగనక్కర్లేదు, చూస్తే చాలు.

(మన హాస్టల్లో పండక్కి ఎంతమంది ఊరెళ్తున్నారో వంటాయనకు చెప్పకపోతే ఎంత అన్నం మిగులుతుందో మీకు తెలుసు. చిక్కు అదే.)

నేడు పి.ఎల్.ఎం. అనే సాఫ్ట్‌వేర్ ఈ కబుర్లు మోస్తోంది. అయితే ఒక విడిభాగం ఏయే మోడళ్లలో వాడుతున్నారో ఎవరో ఒకరు అందులో ఎక్కించాలి. ఎక్కించకపోతే అది ఎవరికీ చెప్పదు. ఏదైనా మార్పు కాగితం చేతికొస్తే నేను నాలుగు సంగతులు చూస్తాను: విడిభాగం నంబరు, రివిజన్ అక్షరం, ఏ తేదీ నుంచి అమలు, ఇంకా ఏయే మోడళ్లలో ఉంది. నాలుగోది ఖాళీగా ఉంటే సంతకం పెట్టను. లేచి వెళ్లి అడుగుతాను.