రాణిగంజ్‌కు వెళ్లేముందు

మా తమ్ముడి కొడుకు మొన్న ఒక పాత దోస్త్ పికప్ బండి కొన్నాడు. టీఎస్ 10 నంబరు, మన సికింద్రాబాద్ బండే. వర్గల్, గజ్వేల్ వైపు నుంచి బోయిన్‌పల్లి మార్కెట్ యార్డుకు కూరగాయల కిరాయి కుదిరింది. టైర్లు నాలుగూ అయిపోవచ్చాయి. “పెదనాన్నా, ఏ కంపెనీవి వేయించమంటావు?” అని ఫోన్ చేశాడు. ఇరవై ఎనిమిదేళ్లు అదే దారిలో లోడు బండి తోలినవాణ్ణి. ఒక పేరు చెప్పి ఫోన్ పెట్టేయడానికి మనసొప్పలేదు. రెండు పూటలు కూర్చోబెట్టి వాడికి చెప్పినవే ఇవి.

1. కొత్త టైరు కొనేముందు పాత టైరును చదువు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఒక్కో చక్రం ముందు గొంతుకూర్చుని చూడు. రెండంచులూ అరిగి మధ్యలో బటన్లు మిగిలాయంటే తక్కువ గాలితో తిప్పారు. మధ్య అరిగి అంచులు మిగిలాయంటే అవసరానికి మించి గాలి కొట్టారు. ఒక్క అంచే కత్తిరించినట్టు పోతే అలైన్‌మెంట్ తప్పింది. అరచేత్తో అడ్డంగా నిమురు. ఒకవైపు నున్నగా పోయి, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్లలా తగిలితే ముందు చక్రాలు ఒకదానితో ఒకటి సమంగా నడవడం లేదు. చుట్టూ అక్కడక్కడా పల్లాలు పడితే షాకబ్జార్బర్లో, బ్యాలెన్సింగో చూపించుకోవాలి. ఈ జబ్బు బండిది, టైరుది కాదు. దాన్ని నయం చేయించకుండా ఎంత ఖరీదైన టైరు వేసినా ఆర్నెల్లలో అదే చోట అరుగుతుంది. వాడి బండికి ముందు ఎడమ టైరు లోపలి అంచు తీగ తేలేదాకా పోయింది. “ముందు అలైన్‌మెంట్‌కు వెళ్లు, టైర్లకు రాణిగంజ్ తర్వాత” అన్నాను.

2. రిమ్ముకు పట్టింది కదా అని వేయించకు. ఈ పాఠం నాకు చాలా ఖరీదు పడింది. 2015 మే నెల. నా దోస్త్ వెనక టైరు రాయి కోసేసి చీలింది. రెండోది కూడా అరిగే ఉంది. దగ్గర్లో కనబడిన దుకాణంలో ఆగాను. ఆ కుర్రవాడు రెండు కారు టైర్లు తెచ్చి, “185, పద్నాలుగు ఇంచుల రిమ్మే అన్నా, సరిపోతయ్” అన్నాడు. నేనూ 185, 14 చూసి తలూపాను. మధ్యలో ఉన్న 65 అంకెను పట్టించుకోలేదు. వెనక బండి కాస్త కుంగినట్టు అనిపించినా, తొందరలో పోనిచ్చాను. మూడో రోజు టమాటా లోడుతో రాజీవ్ రహదారి మీద, శామీర్‌పేట ఇంకా రాకముందే, కుడి వెనక టైరు పేలింది. బండి డివైడర్ దాకా జారి ఆగింది. నాతో ఉన్న పిల్లవాడికి నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ ఇప్పటికీ వాడి మొహం మీద ఉంది. కనబడిన ప్రతిసారీ నా కళ్లు అక్కడికే పోతాయి.

లెక్క తర్వాత తెలుసుకున్నాను. దోస్త్‌కు కంపెనీ ఇచ్చేది 185 ఆర్ 14 ఎల్‌టీ, 8 పీఆర్. దాని మీద 102/100 అని ఉంటుంది. ఇరుసుకు ఒక్కో వైపు ఒకటే టైరు ఉంటే 102, జంట టైర్లుంటే 100 చూడాలి. 102 అంటే ఆ టైరు 850 కిలోలు మోస్తుంది. నేను వేయించిన 185/65 ఆర్ 14 మీద ఉన్నది 86. అంటే 530 కిలోలు. వెనక ఇరుసు మీద రెండు టైర్లు కలిపి 1,700 కిలోలు మోయాల్సిన చోట 1,060 మోసేవి పెట్టాను. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు. ఆ రెండక్షరాలూ, లోడు అంకే నీ కళ్లతో నువ్వు చదివాకే డబ్బు తియ్యి. టాటా ఏస్‌కు 145 ఆర్ 12 ఎల్‌టీ ఉంటుంది. బండి ఏదైనా పుస్తకంలో రాసిన సైజూ, రాసినంతకు తగ్గని లోడు అంకే తెచ్చుకో. పెద్ద సైజు వేస్తే ఇంకా బలం కదా అంటారు. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, చక్రం మలిపితే మడ్‌గార్డుకు రాసుకుంటుంది, ఎత్తెక్కేటప్పుడు ఇంజిను ఈడ్వలేదు.

3. పుట్టిన తేదీ చూడు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. కొన్ని టైర్లకు అది ఒకవైపే ఉంటుంది. రెండో వైపు తిప్పించి చూడు, మొహమాటపడకు. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. ఎండా, గాలీ దాన్ని లోపల్నుంచి తింటాయి. నేను ఆరు నెలలు దాటినది కొనను. ఆరేళ్లు దాటినది బటన్లు బాగున్నా లోడు బండికి ఉంచను. కంపెనీలు ఇంతకన్నా కాస్త ఎక్కువ గడువే ఇస్తాయి. మన మే నెల తారు రోడ్డు చూసినవాడిగా ఇది నా లెక్క. ఐఎస్ఐ గుర్తు కూడా చూడు. 2009లో వచ్చిన ప్రభుత్వ ఆదేశంతో అది తప్పనిసరైంది. లోడు బండి టైరు మీద గుర్తు పక్కన ఐఎస్ 15636 అని ఉండాలి.

4. రెండే కొనగలిగితే వెనక వేయించు. చాలామంది డ్రైవర్లు ఒప్పుకోరు, ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదంటారు. ఆ భయం అబద్ధం కాదు. ఆర్టీసీ బస్సుకు కొత్తవి ముందే వేస్తారు కూడా. అయితే బస్సుకు వెనక ఒక్కో వైపు జంట టైర్లుంటాయి, మన పికప్‌కు ఒక్కటే. పైగా యార్డులో లోడు దించాక మన బండి వెనక భాగం అట్టపెట్టెలా తేలిక. జూలైలో వాన పడిన రోడ్డు మీద ఖాళీ బండితో బ్రేకు వేస్తే ముందు జారేది తోకే. ముందు జారితే స్టీరింగ్‌తో కాస్తయినా సర్దుకోవచ్చు. తోక తిరిగిందంటే ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా చూస్తూ ఉండాల్సిందే. అందుకే కొత్తవి వెనక్కి, ఉన్నవాటిలో మంచివి ముందుకి. ముందు వేసేవి కూడా నున్నబడినవైతే రెండు కాదు, అప్పు చేసైనా నాలుగూ కొను. ఒకే ఇరుసు మీద ఒకవైపు రేడియల్, ఒకవైపు నైలాన్ ఎప్పుడూ వద్దు.

5. రీట్రేడ్ టైరును తక్కువ చేసి మాట్లాడను. ఆర్టీసీ సొంత షాపుల్లో రీట్రేడ్ చేయించి వెనక చక్రాలకు వాడుతుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది, ఏ టైరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి ఉంటుంది. మనకు దొరికే రీట్రేడ్ టైరు లోపలి పొరలు ఏ బండి కింద ఎన్ని దెబ్బలు తిన్నాయో చెప్పేవాడు లేడు. నీ టైరే నువ్విచ్చి చేయించుకుంటే వెనక్కి వేసుకో, ముందు చక్రానికి వద్దు.

6. కంపెనీ అడిగావు కదా. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది. 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్లతో మొదలైన కంపెనీ అది. అపోలో వాళ్లు 2020లో ఇప్పటి తిరుపతి జిల్లా చినపాండూరులో పెట్టారు. సియట్, జేకే కూడా మన రోడ్లు ఎరిగినవే. సరైన సైజు, సరైన లోడు అంకె, కొత్త తేదీ ఉంటే వీటిలో ఏదైనా నేను తీసుకుంటాను. చూడాల్సింది బటన్ల తీరు. నీ దారి ముప్పాతిక తారు రోడ్డు కాబట్టి చుట్టూ పొడవు గీతలుండే రిబ్ టైరు చాలు. శబ్దం తక్కువ, వేడి తక్కువ. పొలాల గట్ల దాకా వెళ్లి లోడు ఎత్తేవాడైతే వెనక అడ్డబటన్ల లగ్ వేసుకోవచ్చు.

7. గాలి చల్లటి టైరులో చూడాలి. వర్గల్ నుంచి వచ్చి, బోయిన్‌పల్లి బంకులో వేడి టైరుకు కొలిచి, ఎక్కువుందని తీసేసేవాళ్లను రోజూ చూశాను. అది పెద్ద తప్పు. టైరు పది డిగ్రీలు వేడెక్కితే అరవై దగ్గర ఉన్న గాలి రెండు రెండున్నర పీఎస్‌ఐ పెరిగినట్టు చూపిస్తుంది. ఇప్పుడు తీసేస్తే తెల్లవారి తక్కువతో బయల్దేరతావు. తక్కువ గాలి టైరు ప్రతి చుట్టులో మడతపడి లేస్తుంది, ఆ మడతలోనే వేడి పుడుతుంది, ఆ వేడికే పొరలు విడిపోతాయి. వేసవిలో పేలినవి ఎక్కువ గాలితో పేలాయని జనం అంటారు. నేను విప్పి చూసినవాటిలో చాలావరకు సైడు గోడలు నలిగి, లోపల రబ్బరు పొడి రాలేవి. సొంత గేజి ఒకటి కొనుక్కో.

8. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పుకోదు. గాడి అడుగున చిన్న దిమ్మెలుంటాయి, బటన్లు వాటికి సమానమయ్యాయంటే గడువు తీరింది. వానాకాలం ముందైతే అంతదాకా ఆగకు. బిల్లు మీద టైరు నంబర్లు రాయించుకో, అవి లేకుండా వారంటీ అడగలేవు. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ధర మాట్లాడేటప్పుడు అదీ గుర్తుంచుకో.

9. స్టెప్నీ కూడా టైరే. ఆ మాట మనది కాదు, వేల్స్‌లోని ఒక ఊళ్లో స్టెప్నీ వీధి దుకాణంలో 1904లో పుట్టిన అదనపు చక్రం పేరు అది. పేరు ఇంత దూరం వచ్చింది, కానీ మన బండ్ల కింద చాలాసార్లు గాలి లేకుండా వేలాడుతుంటుంది. విప్పేసిన పాతవాటిలో అన్నిటికన్నా మంచిది దానికి వేయించి, నెలకోసారి దింపి చూడు. నట్లు వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించమని చెప్పు. కొత్త టైర్లతో మొదటి రోజు లోడు తక్కువ వేసుకో, బ్రేకు మెల్లగా వాడు. వర్గల్ చేరాక చాయ్ తాగేలోపు పానా తీసి నాలుగు చక్రాల నట్లూ మళ్లీ ఒకసారి బిగించి చూసి, నాకు ఫోన్ చెయ్యి.