కత్తెర పట్టే ముందు పిల్లాడి మొహం చూడండి

మా ఇంట్లో పిల్లల జుట్టు నేనే కత్తిరిస్తాను. మొదట నా పిల్లలకు, తర్వాత మనవలకు. ఇప్పుడు వీధిలో ఏ పిల్లాడు సెలూన్ కుర్చీ చూసి గుక్కపట్టి ఏడ్చినా వాళ్లమ్మ మా అరుగు దగ్గరికే తీసుకొస్తుంది. 2020 మార్చి ఆఖరులో లాక్‌డౌన్ వచ్చి సెలూన్లన్నీ మూసేసినప్పుడైతే మా చెల్లెళ్ల కూతుళ్లు, కోడళ్లు వీడియో కాల్ పెట్టి ‘‘పెద్దమ్మా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టను?’’ అని అడిగేవారు. అప్పుడు చెప్పినవీ, ఆ తర్వాత తోచినవీ ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా రెండేళ్ల నుంచి ఆరేడేళ్ల పిల్లల సంగతులే ఇవి.

1. మొక్కు ఉంటే ముందు మొక్కు తీరనివ్వండి. తిరుమలకో, వేములవాడకో, అన్నవరానికో, సింహాచలానికో పుట్టు వెంట్రుకలు మొక్కుకున్న ఇళ్లలో అప్పటిదాకా కత్తెర తగలనివ్వరు. ఏడాదిలోపు తీయించేవాళ్లున్నారు, మూడో ఏడో ఐదో ఏడో వచ్చేదాకా ఆగేవాళ్లున్నారు. ఈలోగా జుట్టు కళ్లలో పడుతుంటే మెత్తని గుడ్డ రిబ్బనుతో వదులుగా పిలక వేయండి. రబ్బరు బ్యాండు బిగించి కడితే నుదుటి దగ్గర కుదుళ్లు లాగేసి జుట్టు పలచబడుతుంది. చిన్న చిన్న క్లిప్పులు పీక్కుని నోట్లో పెట్టుకుంటారు, అవి అసలే వద్దు.

గుండు మాత్రం ఇంట్లో చేయకండి. కత్తి అలవాటున్న చేతిలోనే ఉండాలి, బ్లేడు మీ కళ్లముందే కొత్తది విప్పాలి. పిల్లల నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు పూడడానికి సుమారు ఏడాదిన్నర పడుతుంది. ఆ చోట అనుభవం లేని చేయి ఆడకూడదు.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని రెండోసారీ మూడోసారీ చేయించే ఇళ్లు ఉన్నాయి. భక్తితో చేయిస్తే నాకు అభ్యంతరం లేదు. ఒత్తు కోసమైతే దండగ. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదురులో, కత్తి తగిలేది పైన. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, కంటికి ఒత్తుగా కనిపిస్తుంది, అంతే. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే గడ్డాల మీద పరీక్షించి, గీసినంత మాత్రాన వెంట్రుక లావెక్కదని, త్వరగా పెరగదని తేల్చింది.

2. వేళ చూసుకోండి. నేను మంగళవారం, శుక్రవారం కత్తెర పట్టను. అది మా ఇంటి పద్ధతి, మీకు లేకపోతే లేదు. అంతకన్నా ముఖ్యమైన వేళ పిల్లాడిది. కడుపు నిండి, నిద్ర తీరి ఉండాలి. పొద్దున టిఫిన్ తిన్నాక, స్నానానికి ముందు, వరండాలో ఎండ పొడ నేరుగా పడని వెలుతురులో కూర్చోబెడితే సగం పని అయినట్టే. సాయంత్రం బడి నుంచి అలిసి వచ్చినవాణ్ని, జలుబుతో ముక్కు కారుతున్నవాణ్ని వదిలేయండి. ‘‘రేపు పెళ్లికి వెళ్లాలి, ఇవాళ అయిపోవాలి’’ అనే తొందర ఉన్నరోజు అసలే వద్దు. మన తొందర చేతిలోకి వస్తుంది, చేతిలోంచి పిల్లాడికి తెలుస్తుంది.

3. వంటింటి కత్తెరతో, బట్టల కత్తెరతో జుట్టు కోయకండి. వాటికి వెంట్రుక తెగదు, నలిగి జారిపోతుంది, మధ్యలో చిక్కి లాగుతుంది. ఆ లాగుడుకే పిల్లలు మొదటిసారి ఏడుస్తారు, ఆ తర్వాత కత్తెర కనిపిస్తే చాలు ఏడుస్తారు. ఐదున్నర, ఆరంగుళాల జుట్టు కత్తెర ఒకటి విడిగా కొనుక్కుని, దాంతో పాల ప్యాకెట్లు కూడా కోయకుండా దాచుకోండి. ఒక సన్నపళ్ల దువ్వెన, నీళ్లు చిమ్మే సీసా, పాత నూలు చీర ముక్క, తుడవడానికి మెత్తని బట్ట. ఇంకేమీ అక్కర్లేదు.

ముందురోజు తలంటు పోసి, నూనె రాయకుండా ఉంచండి. నూనె జుట్టు అట్టకట్టి ఎంత కోస్తున్నామో తెలియనివ్వదు, ట్రిమ్మర్ పళ్లలో ఇరుక్కుంటుంది.

4. నేను అన్నింటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. పిల్లాడు ఏడ్చేది మొండితనంతో కాదు. రెండేళ్లవాడికి గోరు కోస్తే నొప్పి పుట్టదని, జుట్టు కోస్తే నొప్పి పుట్టదని ఎవరు చెప్పారు? వేలు తెగితే మంట పుట్టిందని మాత్రం తెలుసు. మెరిసే ఇనప వస్తువు కంటి పక్కకు వస్తుంటే భయపడడం బుద్ధిగల లక్షణం. మెడ వెనక వెంట్రుకలు గుచ్చుకోవడం కొందరు పిల్లలు అస్సలు ఓర్చుకోలేరు, ట్రిమ్మర్ మోత కొందరికి చెవిలో గింగిరాలెత్తుతుంది. అది వాళ్ల ఒంటి తత్వం.

నా చిన్నప్పుడు మా ఊళ్లో క్షవరం చేసే తాత పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు. కోతలయ్యాక మా నాన్న ఆయనకు ధాన్యం మేర కొలిచేవాడు. ఆ తాత కత్తెర తీయడానికి ముందు పిల్లవాడి నెత్తిన తడి చేయి వేసి, వాడి ఊపిరి నెమ్మదించేదాకా ఊరికే ఉంచేవాడు. ఊళ్లో కబుర్లు చెబుతూనే ఉండేవాడు గాని చేయి మాత్రం కదిపేవాడు కాదు. నేను కూడా ఇప్పటికీ అలాగే మొదలుపెడతాను.

తర్వాత వాడి ఎదురుగా నా జుట్టు కొస ఒకటి కత్తిరించి చూపిస్తాను. ‘‘చూశావా నాన్నా, అమ్మమ్మకి నొప్పి పుట్టలేదు.’’ కత్తెర మూసి వాడి అరచేతి మీద పెట్టి, ఆ చల్లదనం తెలియనిస్తాను. ట్రిమ్మర్ అయితే ముందు దూరంగా ఆన్ చేసి, మోత అలవాటయ్యాక ఆఫ్ చేసి చేతికిస్తాను. బొమ్మ జుట్టు కోసి చూపించమని కొందరంటారు. నాకు నచ్చదు, బొమ్మకు మళ్లీ మొలవదు కదా, పిల్లలు అది గమనిస్తారు. ఏది చూపించినా పని అయ్యాక కత్తెర ఎత్తున పెట్టేయాలి, లేకపోతే మర్నాడు చెల్లెలి ముంగురులు వాడే కోసేస్తాడు.

ప్రతిసారీ తాకబోయే చోటు ముందే చెప్పండి. ‘‘ఇప్పుడు చెవి వెనక, ఇప్పుడు మెడ మీద.’’ ‘‘కదిలావంటే చెవి తెగుద్ది’’ అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో వాడికి ఏడాదిపాటు కత్తెరంటే హడలు. కాళ్లూ చేతులూ ఇద్దరు పట్టుకుని కోసే ఇళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను, ఆ పని చేయకండి. వద్దని ఏడ్చాడా, కత్తెర కింద పెట్టండి. ఒకవైపు కోసి ఒకవైపు మిగిలినా ఫరవాలేదు. రెండు రోజులు వంకర జుట్టుతో తిరిగితే పిల్లాడికి వచ్చే నష్టమేమీ లేదు, సిగ్గుపడేది మనమే. వచ్చే నెల వాడంతట వాడు వచ్చి పీట మీద కూర్చుంటే ఈ నెల కటింగ్ బాగా కుదిరినట్టు.

నిద్రపోతున్నప్పుడు కోసేస్తే గొడవ ఉండదని సలహా ఇస్తారు. ఉలిక్కిపడి తల తిప్పితే కత్తెర మొన ఎక్కడుంటుందో ఆలోచించండి. పైగా నిద్ర లేచి తడుముకుంటే జుట్టు లేదు. వాడికి అదెంత దిగులో మనకు తెలియదు.

5. కాళ్లు గాల్లో వేలాడితే ఏ పిల్లాడూ కుదురుగా కూర్చోడు. పాదాలు ఆనేటట్టు పొట్టి పీట వేయండి, లేదా తల్లి ఒళ్లో కూర్చోబెట్టండి. మెడ చుట్టూ గుడ్డ కడితే పెనుగులాడేవాళ్లకు చొక్కా విప్పేసి ఒట్టి ఒంటితోనే కానిచ్చేయండి, తర్వాత ఎలాగూ స్నానమే. ఫోను చేతికిస్తే తల వంచేస్తాడు, ముందు జుట్టు అందదు. ఇవ్వక తప్పకపోతే ఎదురుగా కంటి ఎత్తున నిలబెట్టండి. కథ చెప్పగలిగితే ఫోను గొడవే లేదు.

6. ముందు జుట్టుతో మొదలుపెట్టండి. సెలూన్లో వెనకనుంచి మొదలుపెడతారు, అక్కడ పిల్లాడు పూర్తయ్యేదాకా ఉంటాడన్న నమ్మకం ఉంటుంది. ఇంట్లో ఆ నమ్మకం లేదు. కళ్లలో పడే జుట్టు ముందు తగ్గించేస్తే, ఆ తర్వాత లేచి పరుగెత్తినా మొహం తేటగా ఉంటుంది. వెనకది రేపు చూసుకోవచ్చు.

7. చూపుడు వేలు, నడిమి వేలు మధ్య జుట్టు పాయ పట్టి, వేళ్లకు పైన మిగిలింది కోయండి. అప్పుడు కత్తెరకూ తలకూ మధ్య మీ వేళ్లుంటాయి. కదిలితే తెగేది మీ వేలు, పిల్లాడి తల కాదు.

తడి జుట్టు సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక పైకి లేస్తుంది. ఉంగరాల జుట్టయితే మరీను, దాన్ని పొడిగా ఉన్నప్పుడే కత్తిరించండి. ఎంత తీయాలనుకున్నారో అందులో సగమే తీసి, ఆరనిచ్చి చూడండి. నెలకు సుమారు సెంటీమీటరు పెరిగే జుట్టు ఇది, తొందరేముంది? కత్తెర అడ్డంగా పెట్టి ఒక్క కోత కోస్తే మెట్లు మెట్లుగా, గిన్నె బోర్లించినట్టు డిప్ప కటింగ్ వస్తుంది. కత్తెర నిలువుగా పట్టి మొనతో కొంచెం కొంచెం కొరికితే కొసలు కలిసిపోతాయి, చిన్న హెచ్చుతగ్గులు కనిపించవు.

8. సుడిని గౌరవించండి. సుడి దగ్గర వెంట్రుకలు చక్రంలా తిరిగి పెరుగుతాయి. అక్కడ మరీ పొట్టిగా కోస్తే ముళ్లలా నిలబడిపోతాయి, ఏం రాసినా అణగవు. మిగతా తల కన్నా అక్కడ అర అంగుళం ఎక్కువే ఉంచండి. రెండు సుళ్లున్న పిల్లలకు రెండు పెళ్లిళ్లని వేళాకోళమాడతారు. పిల్లాడి ముందు ఆ మాట వద్దు, సుళ్లు పుట్టుకతో వచ్చేవి, వాటికీ పెళ్లికీ సంబంధం లేదు.

9. ట్రిమ్మర్ వాడేవాళ్లు పెద్ద దువ్వెన తొడుగుతో మొదలుపెట్టాలి. పన్నెండు మిల్లీమీటర్లది పెట్టి చూసి, చాలకపోతే తొమ్మిదికి, ఆరుకు దిగండి. దిగడం మన చేతిలో ఉంది, ఎక్కడం లేదు. తొడుగు గట్టిగా బిగిసిందో లేదో ప్రతిసారీ లాగి చూడండి. అది ఊడితే నెత్తిన బాట పడుతుంది. మెడ నుంచి పైకి, జుట్టు పెరిగే దిశకు ఎదురుగా నెమ్మదిగా నడిపించి, తల వంపు వచ్చేచోట చేతిని బయటికి తిప్పేయండి. జుట్టు పొడిగా ఉండాలి. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడు మీ మణికట్టుకు ఆనించి వేడెక్కిందేమో చూసుకోండి. ఛార్జింగ్ ముందే పెట్టుకోండి, సగంలో ఆగితే పిల్లాణ్ని రెండోసారి కూర్చోబెట్టడం కష్టం.

10. ఇంట్లో ఎక్కువగా తెగేది చెవి పైఅంచు. ఎడమచేత్తో చెవిని ముందుకు మడిచి, అరచేతి కింద దాచిపెట్టి, అప్పుడే దాని వెనక కోయండి. చెంపల దగ్గర కత్తెర మొన ఎప్పుడూ కంటి వైపు చూడకూడదు. ఒకవేళ తెగితే కేకలు పెట్టకుండా శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యమధ్యలో తీసి చూస్తే రక్తం ఆగదు. అప్పటికీ ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకుని ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

11. ఆడపిల్లల ముంగురులకు మా కాలంలో సాధన కట్ అని పేరు. 1960లో వచ్చిన ‘లవ్ ఇన్ సిమ్లా’ హిందీ సినిమాలో హీరోయిన్ సాధన నుదురు వెడల్పుగా ఉందని ముందు జుట్టు అలా కోశారట, దేశమంతా పాకింది. అది ఇంట్లో తేలికే. కనుబొమల చివర్ల మధ్యనున్న జుట్టు మాత్రమే ముందుకు తీసుకోండి, అంతకు మించి పక్కలకు పోకండి. లాగి పట్టుకోకుండా వదులుగా దువ్వి, కనుబొమల కింద కోయండి. ఆరాక అది కనుబొమల మీదికి వస్తుంది.

12. కత్తిరిస్తూ తల చదవండి. కుదురుకు దగ్గరగా అతుక్కుని, దులిపినా రాలనివి ఈపులు, అంటే పేల గుడ్లు. పేలున్నాయని గుండు చేయించనక్కర్లేదు. తడిజుట్టు పాయలు తీసి ఈర్పెనతో రెండు మూడు రోజులకోసారి, రెండు వారాలపాటు దువ్వండి. గుడ్డు పిగలడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఒక్కరోజుతో ఆపితే మళ్లీ వస్తాయి. రూపాయి బిళ్లంత మేర జుట్టు రాలి, పొట్టు లేస్తూ కనిపిస్తే అది తామర కావచ్చు. ఆ రోజు కత్తెర, దువ్వెన ఇంకొకరి తలకు పెట్టకండి. తల తామరకు పైపూత మందు ఒక్కటే సరిపోదు, డాక్టరు నోటి మందు రాయాలి.

13. కోసిన జుట్టు వెంటనే ఊడ్చి, కాగితంలో చుట్టి పారేయండి. అన్నంలో పడుతుందని మన పెద్దలు అనేవారు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో దానికి ఇంకో కారణం ఉంది. పొడుగాటి వెంట్రుక, ముఖ్యంగా బాలింత తల నుంచి రాలింది, మేజోడులోకి చేరి బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిసిపోగలదు. కారణం తెలియకుండా బిడ్డ ఏడుస్తుంటే వేళ్లు చూడండి. ఒక వేలు ఎర్రగా వాచి, మొదట్లో గీత పడి ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్ద పిల్లాడి కంట్లో వెంట్రుక పడితే నలపనివ్వకుండా నీళ్లు పోయండి. మెడకు పౌడర్ వేయాలనిపిస్తే ముందు మీ చేతిలో వేసుకుని రాయండి, మొహం దగ్గర డబ్బా దులపకండి.

14. సెలూన్‌కు ఎప్పటికీ పంపవద్దని నేను అనను. అది చేయి తిరిగిన వృత్తి, మనం చేసేది ఇంటి పని. పిల్లాడికి నాలుగైదేళ్లు వచ్చి కత్తెర మోత అలవాటయ్యాక, ముందు వాళ్ల నాన్నకు కటింగ్ చేస్తుంటే పక్కన కూర్చోబెట్టండి. వాడి వంతు వేరే రోజు. ఆదివారం పొద్దున జనం ఉంటారు, మామూలు రోజు మధ్యాహ్నం తీసుకెళ్లండి. మంగళవారం చాలాచోట్ల మూసి ఉంటుంది. వాడికి ఎక్కడ చక్కిలిగిలో, సుడి ఎక్కడుందో, ట్రిమ్మర్ ఇష్టం ఉందో లేదో కటింగ్ చేసే ఆయనకు ముందే చెప్పి, చెంపలకు, మెడకు బ్లేడు వద్దనండి.