కోపిష్టి బాతు దగ్గర ఒక ఆరోగ్య పాఠం



పిల్లల వార్డులో టి.వి. పెడితే బిడ్డలు ఎవరిని చూసి ఎక్కువ నవ్వుతారో మేము గమనిస్తుంటాము. ముక్కు మీద కోపమున్న వాళ్లను చూసి! 1934లో పుట్టిన డోనాల్డ్ డక్ అనే బాతు, 1940 నుంచి ఎలుక వెంటపడి పళ్లు నూరుతున్న టామ్ పిల్లి, 1945లో వచ్చిన ఎర్రమీసాల పొట్టివాడు యోసెమిటీ శామ్, 2008లో మన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ సంస్థ తెచ్చిన ఛోటా భీమ్‌లోని కాలియా, అందరూ ఆ జాతివారే. డోనాల్డ్‌కు కోపం వస్తే ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు. మనం అరిచినప్పుడు ఇంట్లోవాళ్లకూ అంతే అర్థమవుతుందేమో.

ఈ బొమ్మలు వేసినవారు శరీరాన్ని బాగానే గమనించారు. మెడ దగ్గర మొదలై ముఖమంతా ఎక్కే ఎరుపు, చెవుల్లోంచి పొగ, వణుకు. నిజంగా కూడా కోపం రాగానే అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బి.పి. పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది.

తరువాత జరిగేది మాత్రం వారు చూపించరు. శామ్ తన బాంబుకు తానే మాడిపోయి మరునిమిషంలో లేచి నిలబడతాడు. మనిషి గుండెకు ఆ సౌకర్యం లేదు. తీవ్రమైన కోపం వచ్చిన తరువాతి 2 గంటల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలుకన్నా పెరుగుతుంది. 2024లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్నవారిని కోపం తెప్పించిన పాత సంగతి ఒకటి 8 నిమిషాలు తలచుకోమన్నారు. తలచుకున్నందుకే వారి రక్తనాళాలు సరిగా వ్యాకోచించలేకపోయాయి. ఆ ప్రభావం 40 నిమిషాల వరకు కనబడింది. బి.పి., షుగరు ఉన్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కోపం తగ్గించుకొనే ప్రయత్నం కూడా డోనాల్డ్ చేశాడు. 1938 నాటి 'సెల్ఫ్ కంట్రోల్' చిత్రంలో, కోపమొస్తే పది లెక్కపెట్టమని రేడియోలో ఒక పెద్దమనిషి చెబుతాడు. డోనాల్డ్ లెక్కపెడతాడు, చివరకు ఆ రేడియోనే పగలగొడతాడు. మాకు తోచినది ఏమంటే, నోరు అంకెలు చెబుతున్నా మనసు ఎదుటివాడి మీదే ఉంటే లాభం లేదు. ముందు ఆ చోటు వదలాలి. వరండాలోకి వెళ్లి నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలాలి. 1945 నాటి 'క్యూర్డ్ డక్'లో కిటికీ తెరుచుకోలేదని డైసీ ఇల్లంతా ధ్వంసం చేస్తాడు. కోపం మానేవరకు రావద్దంటుంది ఆమె. తిట్టే యంత్రం ఒకటి తెప్పించుకొని, దాని తిట్లన్నీ ఓర్చుకొని, బాగైపోయానని తిరిగి వెళతాడు. ఆమె టోపీ చూసి నవ్వుతాడు. ఈసారి కోపం డైసీది!

వస్తువులు విసిరితే కోపం దిగిపోతుందని చాలామంది నమ్మకం. 154 పరిశోధనలను కలిపి 2024లో చేసిన సమీక్షలో అది నిజం కాదని తేలింది. శరీరాన్ని నెమ్మదింపజేసే పనులే కోపాన్ని తగ్గించాయి. ఇది మన సింహాచలం వారికి కొత్త సంగతి కాదు. కొండమీది ఉగ్రమూర్తిని చల్లబరచేందుకే ఏడాది పొడవునా చందనం పూసి ఉంచుతారని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు.

స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో నైట్ షిఫ్టు చేసి, ఉక్కపోతలో నిద్రపట్టక, ఆకలితో ఇల్లు చేరిన మనిషికి చిన్న మాటే నిప్పురవ్వ. డబ్బు లెక్కలు, పిల్లల మార్కులు ఆ సమయంలో ఎత్తకండి. తిని, కాసేపు పడుకొన్నాక మాట్లాడుకోవచ్చు.

తండ్రులకు, తల్లులకు ఒక మాట. టి.వి.లో బాతు పళ్లెం విసిరితే పకపక నవ్వే బిడ్డ, ఇంట్లో మీరు విసిరితే తలుపు వెనక్కి పోతుంది. మళ్లీ మళ్లీ కడుపునొప్పి అంటూ వచ్చే బిడ్డలలో కొందరికి ఏ పరీక్షలోనూ జబ్బు కనబడదు. అటువంటప్పుడు ఇంట్లో గొడవలున్నాయా అని సిస్టర్లు అడిగితే దయచేసి నొచ్చుకోకండి, ఉన్నది చెప్పండి. వైద్యానికి అది అవసరము.

బి.పి. చూపించుకొనేవారు 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న తరువాతే చేయి చాపండి. ఓ.పి. వరుసలో తగవు పడి వచ్చి కూర్చుంటే అంకె ఎక్కువే వస్తుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. కోపం తరువాత ఛాతీలో బరువు, చెమటలు, ఎడమచేయి లాగడం, ఆయాసం ఉంటే గ్యాసని సోడా తాగుతూ కూర్చోక 108కి ఫోను చేయండి.